నగర వృక్షారోపణ

నగర వృక్షారోపణ అంటే వీధుల అంచుల్లోను, ఉద్యానాల్లోను, చెరువు గట్ల మీద, కార్యాలయాల ఆవరణల్లోను చెట్లను ఒక ప్రణాళిక ప్రకారం నాటి పెంచడం. ఒకప్పుడు నీడకూ అలంకారానికీ చేసిన ఈ పని ఇటీవలి దశాబ్దాల్లో వాతావరణ మార్పును తట్టుకొనే ఉపాయాల్లో ఒకటిగా లెక్కకు వచ్చింది.

చెట్టు కిరణజన్య సంయోగక్రియలో గాలి నుంచి కార్బన్ డయాక్సైడును గ్రహించి, అందులోని కార్బనును కాండంలోను వేళ్లలోను నిలువ చేస్తుంది. అయితే మహానగరం వెలువరించే వాయువులతో పోలిస్తే దాని చెట్లు పట్టి ఉంచేది స్వల్పమే కాబట్టి, వాటి అసలు ప్రయోజనం చల్లదనమే. కాంక్రీటు, తారు పగలంతా ఎండను పీల్చుకొని రాత్రి మెల్లగా వదలడం వల్ల నగరం చుట్టుపక్కల పల్లెల కంటే వేడిగా ఉంటుంది. దీనిని పట్టణ ఉష్ణద్వీపం అంటారు. చెట్ల నీడ ఎండను నేలకు చేరకముందే అడ్డుకోగా, వేళ్లు తోడిన నీరు ఆకుల సూక్ష్మరంధ్రాల గుండా ఆవిరవుతూ గాలిలోని వేడిని లాగేసుకుంటుంది. బాష్పోత్సేకం అనే ఈ ప్రక్రియకూ, మట్టికుండలో నీరు చల్లబడడానికీ మూలసూత్రం ఒకటే.

తెలంగాణలో 2015 జూలైలో మొదలైన హరితహారం అనే మొక్కలు నాటే కార్యక్రమం కింద హైదరాబాదులోను, 158 కిలోమీటర్ల బాహ్య వలయ రహదారి పొడవునా విస్తారంగా మొక్కలు నాటారు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, ఆర్బర్ డే ఫౌండేషన్ కలిసి ఇచ్చే 'ప్రపంచ వృక్ష నగరం' గుర్తింపు 2020 సంవత్సరానికి ఈ నగరానికి దక్కింది. 2011లో 33.15 చదరపు కిలోమీటర్లున్న నగర అటవీ విస్తీర్ణం 2021 నాటికి 81.81కి పెరిగిందని భారత అటవీ సర్వేక్షణ నివేదిక చెబుతుంది. కాని ఒక హెక్టారుకు తగ్గని నేలలో కొమ్మల పందిరి 10 శాతం ఉంటే చాలు, తోటనైనా అడవిగానే లెక్కించడం ఆ సర్వేక్షణ పద్ధతి గనుక, బస్సు కోసం ఎండలో నిలబడ్డవారికి నీడ ఎంత పెరిగిందో ఈ అంకె చెప్పదు.

నాటిన మొక్కల సంఖ్య బతికిన చెట్ల సంఖ్య కాదు. మొదటి రెండు మూడు వేసవులు నీరు పోయకపోయినా, మొదలు చుట్టూ సిమెంటు పరిచినా, కరెంటు తీగల కింద నాటి ఏటా తల నరికినా మొక్క చెట్టు కాలేదు. త్వరగా పచ్చదనం చూపాలన్న తొందరలో నాటిన కోనోకార్పస్ అనే జాతి మీద ఆక్షేపణలు రాగా, వేప, కానుగ, రావి వంటి ఈ నేలకు అలవాటైన జాతులే మేలన్న అభిప్రాయం బలపడింది.

పెద్ద చెట్టు చేసే మేలును దాని స్థానంలో నాటిన మొక్కలు దశాబ్దాల పాటు చేయలేవు. హైదరాబాదు నుంచి చేవెళ్ల మీదుగా పోయే బీజాపూర్ రహదారి వెంట తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్లు ఉన్నాయి. రహదారి విస్తరణకు వాటిని తొలగించే విషయమై వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది.