షికాగో ఆకాశహర్మ్యాలు: కట్టిన చరిత్ర, కాపాడిన చరిత్ర

షికాగోలో కాపురముంటున్న తెలుగువాళ్ళం, స్వదేశం నుంచి పెద్దవాళ్ళు వస్తే ముందుగా నగరం నడిబొడ్డుకు తీసుకువెళ్ళి మేడలు చూపిస్తాం. సియర్స్ టవర్ ఎదుట నిలబెట్టి, 110 అంతస్తులనీ, 1450 అడుగుల ఎత్తనీ, 1973లో పూర్తి ఎత్తుకు లేచేనాటికి దాన్ని మించిన భవనం లోకంలో లేదనీ వివరిస్తాం. (2009లో దానికి విల్లిస్ టవర్ అని పేరు మార్చారు. ఊరివాళ్ళ నోట పాత పేరే ఉండిపోయింది.) నాటి తూర్పు బెంగాలులో పుట్టి ఇక్కడికి వచ్చిన ఫజ్లూర్ రహమాన్ ఖాన్ అనే ఇంజనీరు, తొమ్మిది చదరపు గొట్టాలను ఒక కట్టగా కట్టినట్టు దాన్ని నిలిపాడని మన సొంతవాడి గొప్పలా చెప్పుకుంటాం. ఇదంతా పుస్తకాలలో దొరికేదే. కట్టిన తరువాత ఆ మేడలు ఏమయ్యాయి, ఎండకూ మంచుకూ ఓర్చి ఎలా నిలబడ్డాయి, వాటిని నిలబెట్టే ఖర్చు ఎవరు భరించారు అన్న రెండవ చరిత్ర ఒకటి ఉంది. దాన్ని ఈ సంచికలో కొంతవరకు పాఠకుల ముందుంచాలని మా ప్రయత్నం.

1871 అక్టోబరులో పుట్టిన అగ్నిప్రమాదం షికాగో నడిబొడ్డును బూడిద చేసింది. సుమారు మూడు వందలమంది చనిపోయారు, లక్షమందికి నిలువనీడ లేకపోయింది. కర్రతో కట్టిన ఊరు కాబట్టి కర్రలాగే కాలిపోయింది. తిరిగి కట్టుకునేసరికి వ్యాపారం పెరిగి, నడిబొడ్డున నేల ధర చుక్కలంటింది. లిఫ్టు అప్పటికే వచ్చింది కాబట్టి పై అంతస్తులకు అద్దెకు వచ్చేవారు దొరికారు. 1885లో విలియం లె బారన్ జెన్నీ అనే ఇంజనీరు హోమ్ ఇన్సూరెన్సు కంపెనీ కోసం పది అంతస్తుల భవనం కట్టాడు. బరువులో ఎక్కువ భాగాన్ని గోడల మీద మోపక ఇనుము, ఉక్కు చట్రం మీద మోపాడు. లోకంలో మొదటి ఆకాశహర్మ్యం ఇదేనని చాలామంది అంటారు, కాదని వాదించే చరిత్రకారులూ ఉన్నారు. అంత పేరు పొందిన ఆ భవనాన్ని 1931లో కూలగొట్టారు. నలభై ఆరేళ్ళ ఆయుర్దాయం!

మాటల సంగతి వచ్చింది కనుక ఒక ముచ్చట. ఇంగ్లీషువాడు ఈ మేడను ఆకాశాన్ని గీకే వస్తువుగా ఊహించి స్కైస్క్రేపర్ అన్నాడు. మనవాళ్ళు గీకుడు మానిపించి హర్మ్యం అన్నారు. హర్మ్యమంటే శ్రీమంతుల సౌధం. పేరులోనే సిరి ఉంది కాబట్టి దానికి జబ్బు చేస్తుందని మనకు తోచదు కాబోలు.

గోడల మీద బరువు మోపే పాత పద్ధతి ఎంత ఎత్తుకు పోగలదో చూడాలంటే జాక్సన్ వీధిలోని మొనాడ్నాక్ భవనానికి వెళ్ళాలి. 1891లో కట్టిన దాని ఉత్తరభాగం పదహారు అంతస్తుల ఇటుక కట్టడం. నేల దగ్గర గోడ మందం ఆరడుగులు! షికాగో నేల మెత్తటి బంకమట్టి. ఆ బరువుకు భవనం ఏళ్ళ తరబడి కుంగుతూ సుమారు ఇరవై అంగుళాలు దిగింది. రెండేళ్ళ తరువాత 1893లో దానికి ఆనించి దక్షిణభాగం కట్టినప్పుడు ఉక్కు చట్రమే వాడారు. ఒకే భవనం చుట్టూ నడిచి రెండు యుగాలు చూడవచ్చు.

చట్రం వచ్చాక గోడ పని మారిపోయింది. అది భవనాన్ని మోసేది కాదు, భవనం కట్టుకున్న బట్ట అయింది. ఆ బట్టకు షికాగోవాళ్ళు ఎక్కువగా ఎంచుకున్నది టెర్రకోట. అంటే కాల్చిన మట్టే, మన పెంకులకూ కుండలకూ దూరపు చుట్టం. రాతికంటే తేలిక, నిప్పుకు ఓరుస్తుంది, అచ్చులో పోస్తే ఏ పువ్వు కావాలంటే ఆ పువ్వు వస్తుంది. దాని మీద పింగాణీలా మెరుపుపూత పూస్తే ఇంకేం కావాలి? 1895లో పూర్తయిన రిలయన్సు భవనాన్ని నిలువెల్లా తెల్లని మెరుపుపూత పెంకులతో కప్పారు. బొగ్గుపొగతో నల్లబడిన ఆ ఊళ్ళో, వాన కురిస్తే చాలు, మేడ తనంతట తానే స్నానం చేసి తెల్లబడుతుందని దాన్ని కట్టినవాళ్ళు నమ్మారు. 1920లలో నది ఒడ్డున లేచిన రిగ్లీ భవనానికైతే సుమారు రెండున్నర లక్షల పెంకులు పట్టాయి. పైకి పోయినకొద్దీ ఎక్కువ తెల్లగా కనబడేలా ఆరు ఛాయలలో వాటిని అమర్చారు.

వాన కడుగుతుందన్నది నిజమే. కానీ వాన లోపలికి కూడా పోతుంది. ఈ పెంకులను ఇనుప కొక్కేలతో చట్రానికి తగిలిస్తారు. పెంకుల సందులలో వేసిన సున్నం కొన్నేళ్ళకు రాలుతుంది. అక్కడినుంచి దిగిన నీరు, మెరుపుపూత అడ్డుపడటంవల్ల బయటికి ఆరిపోలేదు. కొక్కెం తుప్పు పడుతుంది. తుప్పు ఇనుముకంటే ఎన్నో రెట్లు చోటు తీసుకుంటుంది కాబట్టి పెంకును లోపలినుంచి నెడుతుంది. చలికాలంలో అదే నీరు గడ్డకట్టి ఉబ్బి పగులును పెంచుతుంది. కింది నుంచి చూసేవారికి మాత్రం గోడ కొత్త పెళ్ళికూతురిలా కళకళలాడుతూనే ఉంటుంది. కారుతున్నదని పైపైన రబ్బరు ముద్దతో సందులు మూసేవారు పని చెడగొట్టినవారే, ఎందుకంటే లోపలి నీటిని వారు లోపలే బంధిస్తున్నారు.

1974లో షికాగో కాలిబాట మీద నడిచిపోతున్న ఒక మహిళ మీద టెర్రకోట ముక్క ఊడిపడి ఆమె మరణించింది. ఎత్తయిన భవనాల బయటి గోడలను యజమానులు పరీక్ష చేయించాలన్న శాసనం ఆ దశాబ్దం ముగిసేలోగా వచ్చింది. న్యూయార్కులోనూ వరుస ఇదే. 1979లో కాలేజీ విద్యార్థిని ఒకతె అలాగే చనిపోయింది. 1980లో, ఆరు అంతస్తులు మించిన భవనాలకు ఐదేళ్ళకొకసారి పరీక్ష తప్పనిసరి చేశారు. అది వీధివైపు గోడలకే పరిమితమైంది. 1997లో మాడిసన్ అవెన్యూలో ఒక భవనం పక్కగోడ ఇటుకలు కూలాక, 1998లో అన్ని గోడలకూ వర్తింపజేశారు. ప్రాణం పోయాకనో, గోడ కూలాకనో తప్ప శాసనం కదలలేదు. దీన్ని ఇంజనీర్ల అజ్ఞానమనలేము. నీరూ ఇనుమూ కలిస్తే ఏమవుతుందో వారికి ముందే తెలుసు. పైకెక్కి చూడటానికి డబ్బు ఎవరివ్వాలన్నదే తేలలేదు.

శాసనాలకు యజమానులు ఎలా బదులిచ్చారో అదీ చెప్పుకోవాలి. పైకప్పు అంచున బయటికి పొడుచుకువచ్చిన అలంకారపు చూరు అన్నిటికంటే ప్రమాదకరం. దాన్ని బాగుచేయించడంకంటే తెగ్గొట్టించడం చవక. ఎన్నో పాత మేడలు అలా చూరు పోయి బోడితలలతో మిగిలాయి. మరికొందరు మేడనే వదిలించుకున్నారు. ఆడ్లర్, సలివన్ జంట కట్టిన స్టాక్ ఎక్స్ఛేంజి భవనాన్ని, కొత్త కార్యాలయ భవనం కోసం 1972లో కూల్చారు. ఆ శిథిలాలలోంచి సలివన్ నగిషీలను ఏరి దాచుతూ, ఫోటోలు తీస్తూ తిరిగిన రిచర్డ్ నికెల్ అనే ఫోటోగ్రాఫరు మీద ఆ భవనమే కూలి ఏప్రిల్ నెలలో అతడు చనిపోయాడు. అతడివంటివారి పుణ్యాన మిగిలిన ముక్కలతో వ్యాపారశాలను ఆర్ట్ ఇన్‌స్టిట్యూటు మ్యూజియంలో మళ్ళీ నిలబెట్టారు. మనవాళ్ళు మ్యూజియానికి వెళితే ఆ గది తప్పక చూడాలి.

పాత మేడలకే ఈ బాధ అనుకుంటే పొరపాటు. స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ 1970ల మొదట్లో 83 అంతస్తుల మేడను సుమారు పన్నెండు కోట్ల డాలర్లతో కట్టించి, ఇటలీలోని కరారా పాలరాతితో నిలువునా కప్పించింది. శతాబ్దాలుగా శిల్పులు వాడిన రాయి అది, అయితే శిల్పులు వాడింది దిమ్మలు. ఇక్కడ బరువు తగ్గించడానికి అంగుళంన్నరకు మించని పలకలుగా కోశారు. పలకలు నలభై మూడు వేలు. నిర్మాణం సాగుతుండగానే 1973 క్రిస్మస్ నాడు ఒక పలక ఊడి, పక్క భవనం పైకప్పును చీల్చుకుని దిగింది. పలక బరువు 350 పౌన్లు. సెలవు రోజు కావడం ఎవరి పుణ్యమో! 1985 ప్రాంతంలో చూస్తే పలకలు అప్పడాల్లా వంగుతున్నాయి. పాలరాతిలోని స్ఫటికాలు వేడికి అన్ని దిక్కులా ఒకేలా వ్యాకోచించవు. షికాగో ఎండా, సరస్సు మీదినుంచి వచ్చే చలీ ఏటేటా తగిలి రేణువుల పట్టు సడలింది. ఒకసారి వంగిన పలక మళ్ళీ సాగలేదు. ముందు ఉక్కు పట్టీలతో బిగించి చూశారు. చివరకు 1990, 1992 మధ్య మొత్తం పాలరాయి ఊడదీసి, ఉత్తర కరొలైనాలోని మౌంట్ ఎయిరీ తెల్ల గ్రానైటును రెండంగుళాల మందాన తొడిగారు. ఖర్చు ఎనిమిది కోట్ల డాలర్లు దాటింది. డాలరు విలువ మధ్యలో పడిపోయిన మాట నిజమే, అయినా ఇరవై ఏళ్ళు నిండకుండానే బట్ట మార్చినందుకు ఇది చిన్న సొమ్ము కాదు. తీసిన పాలరాతిలో చాలాభాగాన్ని పిండిచేసి తోటలలో అలంకారానికి పరిచారు. చీమకుర్తి గ్రానైటు గనులు ఎరిగిన మనవాళ్ళు ఈ కథ వింటే, మొదటే మమ్మల్ని అడగలేకపోయారా అంటారేమో.

1996లో షికాగో శాసనాన్ని కొత్తగా రాశారు. 80 అడుగులు దాటిన గోడలను, కొక్కేలకు తుప్పు పట్టే స్వభావాన్ని బట్టి నియమిత కాలాల్లో దగ్గరగా పరీక్షించాలి. అయినా 1999లో ఒక మేడ కిటికీ అద్దం రాలి, కూతురి చెయ్యి పట్టుకు నడుస్తున్న తల్లి చనిపోయింది. 2002 మార్చి 9న వంద అంతస్తుల జాన్ హాంకాక్ భవనం నుంచి, గోడపని కోసమే వేలాడదీసిన మంచె పెనుగాలికి తెగిపడి, కింద కార్లలో పోతున్న ముగ్గురు మహిళలను బలిగొంది. బాగుచేసే పనిలోనే అపాయం ఉన్నదన్నమాట.

ఆ పరీక్ష ఎలా చేస్తారో తెలిస్తే మన అమ్మమ్మలు సంతోషిస్తారు. తాళ్ళకు వేలాడే ఊయల మంచె మీద తాపీ పనివాళ్ళు, ఇంజనీరూ అంతస్తు అంతస్తుకూ దిగుతూ, కొయ్య సుత్తితో పెంకులను తడతారు. గట్టి పెంకు ఖంగుమంటుంది. లోపల పగిలినది బొద్దుగా పలుకుతుంది. సంతలో కుండను వేలితో కొట్టి చూసి కొన్న విద్యే ఇది! ఇన్ని యంత్రాలు వచ్చినా దీనికి సెలవు దొరకలేదు. భవనం కట్టినవారి పేరు శిలాఫలకం మీద ఉంటుంది. ఈ సుత్తి పట్టినవారి పేరు యజమాని ఫైలులోనైనా ఉంటుందో లేదో.

ఇదంతా మనకెందుకంటారా? మనలో చాలామంది ఇక్కడ ఎత్తయిన భవనాలలో ఇళ్ళు కొనుక్కున్నారు, హైదరాబాదులోనూ ఫ్లాట్లు కొన్నారు. 2006లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం హైదరాబాదులో స్థలాన్ని బట్టి కట్టడం విస్తీర్ణానికి ఉన్న పరిమితిని ఎత్తివేసింది. కోకాపేట, నార్సింగి వైపు యాభై అంతస్తులు దాటిన మేడలు కూడా లేచాయి. అమ్మేటప్పుడు ఈతకొలనూ, పైనుంచి కనబడే దృశ్యమూ చూపిస్తారు. కార్పస్ ఫండులో ఎంత ఉంది, ముప్ఫై ఏళ్ళకు లిఫ్టులూ నీటిగొట్టాలూ బయటి గోడా మార్చడానికి అది చాలుతుందా అని అడిగేవారు తక్కువ. ఆ లెక్క అడగకుండా సంతకం పెట్టవద్దని మా మనవి. 2021 జూన్ 24 తెల్లవారుజామున ఫ్లారిడాలోని సర్ఫ్‌సైడ్‌లో పన్నెండు అంతస్తుల నివాసభవనం కూలి 98 మంది చనిపోయారు. అది 1981 నాటి కట్టడం. కాంక్రీటు దెబ్బతిన్నదని ఇంజనీరు 2018లోనే నివేదిక ఇచ్చాడు. మరమ్మతు ఖర్చు పంచుకోవడం మీద యజమానుల మధ్య తర్జనభర్జనలు జరుగుతూ వచ్చాయి. కొన్ని శతాబ్దాలు నిలిచిన చార్మినారుకే 2019లో వానల తరువాత ఒక మినారు నుంచి గచ్చు పెళ్ళ ఊడిపడింది. డంగుసున్నానికి డంగుసున్నమే వేయాలి, గట్టి సిమెంటు మెత్తితే పాత గోడకే చేటని తెలిసిన మేస్త్రీలు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు. వారిని పిలిచే తీరికే యజమానులకు ఉండాలి.

పిలిచినచోట ఫలితం కనబడుతూనే ఉంది. శిథిలమై దాదాపు ఖాళీపడిన రిలయన్సు భవనాన్ని నగరం చేపట్టి బయటి గోడ బాగుచేయించాక, అది 1999లో హోటలుగా తలుపులు తెరిచింది. స్టేట్ వీధిలోని సెంచరీ, కన్స్యూమర్స్ అనే రెండు పాత టెర్రకోట మేడలను ఫెడరల్ ప్రభుత్వం కొని ఏళ్ళ తరబడి ఖాళీగా ఉంచి, పక్కనున్న న్యాయస్థానపు భద్రత కోసం కూల్చాలని తలపెట్టింది. ఊరివాళ్ళు ఒప్పుకోలేదు. 2024లో నగర మండలి వాటిని చారిత్రక కట్టడాలుగా ప్రకటించింది.

ఇరవై అంగుళాలు కుంగిన మొనాడ్నాక్ సంగతి మాకు అన్నిటికంటే నచ్చింది. 1979లో దాన్ని కొన్న యజమాని ఒక్కసారిగా కోట్లు గుమ్మరించలేదు. అద్దెలు వచ్చినకొద్దీ, ఒక్కో అంతస్తు చొప్పున, పదేళ్ళకు పైగా బాగుచేయిస్తూ పోయాడు. పాత ఫోటోలు చూసి దీపాలు పోత పోయించాడు, అరిగిన మొజాయిక్ నేలను చిన్నచిన్న రాళ్ళతో మళ్ళీ పొదిగించాడు. ఇప్పుడు ఆ ఆరడుగుల గోడల మధ్య కింది అంతస్తులో క్షౌరశాలా, టోపీల దుకాణమూ ఉన్నాయి. పై అంతస్తులలో వకీళ్ళూ చిన్న వ్యాపారులూ అద్దెకుంటున్నారు.