వికెట్ల వెనుక మన కృష్ణమూర్తి

ప్రత్యేక సంచికకు మన నగర క్రీడాచరిత్రపై నాలుగు మాటలు వ్రాయమని సంపాదకవర్గం కోరగానే నాకు స్ఫురించిన పేరు పోచయ్య కృష్ణమూర్తి. మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలలో ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలలో చాలామంది ఈ పేరు విని ఉండరు. హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభమైనది 1998 నవంబరులో. కృష్ణమూర్తిగారు కన్నుమూసినది 1999 జనవరిలో. అప్పటికి ఆయన వయస్సు 51 సంవత్సరాలు మాత్రమే.

1947 జూలైలో హైదరాబాదులోనే జన్మించిన ఆయన 1960 దశకం చివర నుండి సుమారు పుష్కరకాలం రంజీ పోటీలలో హైదరాబాదు జట్టుకు వికెట్ కీపరుగా నిలిచారు. జయసింహ నాయకత్వపు రోజులవి. ఫతే మైదానంలో లాల్ బహదూర్ స్టేడియం ఆ జట్టుకు ఇల్లు.

1971లో వెస్టిండీస్ పర్యటనకు ఫరూఖ్ ఇంజనీరును తీసుకోలేదు. ఆయన ఇంగ్లండులో లాంకషైర్ తరఫున ఆడుతూ దేశవాళీ పోటీలకు దూరంగా ఉన్నారు. ఆ అవకాశం మన కృష్ణమూర్తికి దక్కింది. జయసింహ, ఆబిద్ అలీ, జయంతిలాల్, గోవిందరాజ్‌లతో కలిపి ఆ జట్టులో హైదరాబాదువారు అయిదుగురు! స్కోరు తెలిసేసరికి మనకు అర్ధరాత్రి దాటేది.

అయిదు టెస్టులలోనూ కీపరు ఆయనే. బేడీ, ప్రసన్న, వెంకటరాఘవన్‌ల స్పిన్‌కు వికెట్ల వెనుక నిలబడడం సామాన్యమైన పని కాదు. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో 7 వికెట్ల విజయంతో భారత జట్టు వెస్టిండీస్‌పై తొలిసారిగా సిరీస్ గెలిచింది. గవాస్కర్ 774 పరుగులు అందరికీ గుర్తే. కృష్ణమూర్తి పట్టిన 7 క్యాచ్‌లు, చేసిన ఒక స్టంపింగు ఎందరికి గుర్తు? బ్యాటుతో మాత్రం ఆయన రాణించలేదు. సిరీస్ మొత్తంలో చేసినవి 33 పరుగులే. ఆ వేసవిలో ఇంగ్లండు వెళ్ళినా టెస్టులలో ఇంజనీరు తిరిగి వచ్చారు. తరువాత కిర్మానీ శకం మొదలైంది. 1976లో న్యూజిలాండుపై ఒక్క వన్డేతో ఆయన అంతర్జాతీయ జీవితం ముగిసింది.

అయినా ఆయన అసలు విలువ దేశవాళీ లెక్కలలో ఉంది. 108 ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లలో 150 క్యాచ్‌లు, 68 స్టంపింగులు. అంటే మూడింట ఒకవంతు దాకా స్టంపింగులే. స్పిన్నర్లకు ఆయన ఎంతటి అండో ఈ అంకెలే చెబుతాయి.

కీపరు పని మన గుమాస్తా పని వంటిది. సక్రమంగా చేసినన్నాళ్ళూ ఎవరి కంటా పడదు; ఒక్కటి జారితే అందరూ చూస్తారు. అటువంటి పనిని ఏళ్ళ తరబడి నిష్ఠగా చేసిన మన ఊరివాడి పేరు మనుమలకు చెప్పడం మన తరం బాధ్యత అని నా మనవి.