విండోస్ ఎక్స్‌పీ హోమ్ ఎడిషన్

విండోస్ ఎక్స్‌పీ హోమ్ ఎడిషన్ మైక్రోసాఫ్ట్ సంస్థ గృహ వినియోగదారుల కొరకు రూపొందించిన ఆపరేటింగ్ సిస్టం. ఇది ప్రొఫెషనల్ ఎడిషన్‌తో పాటు 2001 అక్టోబరు 25న విడుదలైనది. రెండింటికీ మూలం ఒక్కటే. ఒకదానిలో పనిచేసే సాఫ్టువేర్లు చాలావరకు రెండవదానిలోనూ పనిచేస్తాయి. అయితే హోమ్ ఎడిషన్ ఉన్న కంప్యూటరును సంస్థల నెట్‌వర్కులలో వాడే డొమైనులో చేర్చుట సాధ్యం కాదు.

ధర

విడుదల సమయంలో అమెరికాలో హోమ్ ఎడిషన్ పూర్తి ప్యాకేజీ ధర 199 డాలర్లు, ప్రొఫెషనల్ ధర 299 డాలర్లు. ఇళ్ళ కొరకు అమ్మే చవక కంప్యూటర్లు సాధారణంగా హోమ్ ఎడిషన్‌తోనే వచ్చేవి. 2008లో నెట్‌బుక్‌ల వంటి అతి చవక కంప్యూటర్లకు కూడా మైక్రోసాఫ్ట్ ఈ ఎడిషన్‌నే అందించింది. ఇటువంటి కంప్యూటరును కార్యాలయానికి కొన్నప్పుడు ధరలో మిగిలినది నిర్వహణలో ఖర్చయ్యే అవకాశం ఉంది.

డొమైన్, వర్క్‌గ్రూప్

డొమైనులో వినియోగదారుల పేర్లు, సంకేతపదాలు యాక్టివ్ డైరెక్టరీ అనే కేంద్ర పట్టికలో ఉంటాయి. ఈ పట్టిక డొమైన్ కంట్రోలర్ అనే సర్వరులో ఉంటుంది. ఉద్యోగి ఏ కంప్యూటరు ముందు కూర్చున్నా ఒకే పేరుతో ప్రవేశించవచ్చు.

హోమ్ ఎడిషన్ వర్క్‌గ్రూపులో మాత్రమే చేరగలదు. అందులో ప్రతి కంప్యూటరు తన పట్టికను తానే ఉంచుకొంటుంది. 10 మంది ఉద్యోగులు 10 కంప్యూటర్లలో దేనినైనా సొంత పేరుతో వాడవలసి వస్తే 100 ఖాతాలు సృష్టించాలి. ఒకరు ఉద్యోగం మానివేస్తే డొమైనులో ఒక్కచోట ఖాతాను నిలిపివేస్తే చాలు. వర్క్‌గ్రూపులో పదిచోట్ల తొలగించాలి. ఒక్కచోట మరచినా ఆ ద్వారం తెరిచే ఉంటుంది.

ఇతర పరిమితులు

* గ్రూప్ పాలసీ ద్వారా భద్రతా నియమాలను కేంద్రం నుండి అమలు చేయుటకు వీలులేదు.
* ఈ కంప్యూటరులోని ఫైళ్ళను, ప్రింటరును నెట్‌వర్కు ద్వారా ఒకేసారి 5 కంప్యూటర్లు మాత్రమే వాడగలవు. ప్రొఫెషనల్‌లో ఈ పరిమితి 10.
* ఫైళ్ళను గుప్తీకరించే ఈఎఫ్ఎస్ సదుపాయం లేదు.
* రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా ఈ కంప్యూటరులోకి ప్రవేశించలేరు. దీని నుండి ఇతర కంప్యూటర్లలోకి మాత్రం ప్రవేశించవచ్చు.

సాధ్యమైన ఉపయోగాలు

డొమైనులో చేరకపోయినా, డొమైనులో ఖాతా గల వ్యక్తి తన పేరు, సంకేతపదం ఇచ్చి హోమ్ ఎడిషన్ నుండి సర్వరులోని ఫైళ్ళను తెరవవచ్చు. వీపీఎన్ ద్వారా ఇంటి నుండి కార్యాలయ నెట్‌వర్కును చేరవచ్చు. ఇంటి నుండి అప్పుడప్పుడు పనిచేసేవారికి ఇది సరిపోతుంది. కార్యాలయంలో నిత్యం వాడే కంప్యూటరుకు మాత్రం సరిపోదు. అటువంటప్పుడు ప్రొఫెషనల్ అప్‌గ్రేడ్ కొనుట ఒక మార్గంగా ఉండేది. ఈ పరిమితి లైసెన్సుకు సంబంధించినదే కనుక కంప్యూటరును మార్చవలసిన పని ఉండేది కాదు.

మద్దతు ముగింపు

విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8న మద్దతు ముగించింది. అందువలన ఈ ఆపరేటింగ్ సిస్టం ఉన్న కంప్యూటరును నెట్‌వర్కుకు కలుపుట సురక్షితం కాదు. అయితే డొమైన్ పరిమితి ఎక్స్‌పీతో ముగియలేదు. విస్టా, విండోస్ 7, 10, 11 ల హోమ్ ఎడిషన్లు కూడా డొమైనులో చేరవు. కార్యాలయానికి కంప్యూటరు కొనేవారు ప్రాసెసరు, మెమరీలతో పాటు ఎడిషన్ పేరును కూడా చూడవలసి ఉంటుంది.