రైలు పట్టాలు, ఋణపత్రాలు

సికింద్రాబాదు బన్సీలాల్‌పేటలో ఒక పాత మెట్లబావి ఉన్నది. అది చాలాకాలం చెత్తతోను మట్టితోను పూడిపోయి ఉండేది. ఆ పూడిక తీసి, రాతిమెట్లు బాగుచేసి, 2022 డిసెంబరులో దానిని మళ్ళీ ప్రజలకు తెరచారు. దానిని చూడవచ్చిన వారందరూ పేటకు ఈ పేరెలా వచ్చిందని అడుగుతూ ఉంటారు. హైదరాబాదులో కీజ్ దొర బ్రిటిష్ రెసిడెంటుగా ఉన్న కాలంలో, 1933 ప్రాంతంలో, ఈ ప్రదేశాన్ని ఒక ఆదర్శగ్రామంగా తీర్చిదిద్దారు. అందుకు ధనసహాయం చేసిన సేఠ్ బన్సీలాల్ పేరు దీనికి స్థిరపడింది. సాహుకారు ఇచ్చాడు, వీధులు ఏర్పడ్డాయి, లెక్క అక్కడితో తీరిపోయింది.

అయితే ఒక పేటలోని వీధులు ఒక దాత ఔదార్యంతో ఏర్పడవచ్చునుగాని, ఊరిని ఊరితో కలిపే దారులు అలా ఏర్పడవు. రైలుమార్గానికి, పెద్ద వంతెనకు కావలసిన సొమ్ము ఏ ఒక్క సేఠు ఇనప్పెట్టెలోను ఉండదు. దానిని అప్పు తేవలసిందే. తెచ్చేవారు ఒకరు, పూచీపడేవారు మరొకరు, చివరకు తీర్చేవారు ఇంకొకరు. ఈ ముగ్గురి నడుమ జంటనగరాల ప్రజలు ఎక్కడ నిలిచారన్నది ఈ ప్రసంగంలో మేము చెప్పదలచిన విషయం.

బొంబాయినుంచి మద్రాసు వైపు సాగిన రైలుదారి మన నగరానికి రాలేదు. వాడి మీదుగా రాయచూరుకు దిగిపోయింది. సికింద్రాబాదులో ఆంగ్లేయుల పెద్ద దండు ఉన్నది. ఆ దండును రైలుదారితో కలపడం వారికి అవసరమైంది. 1870లో నిజాం ప్రభుత్వానికి, భారత ప్రభుత్వానికి ఒడంబడిక కుదిరింది. వాడినుంచి సికింద్రాబాదు దాకా సుమారు 120 మైళ్ళ మార్గం 1874 అక్టోబరులో ప్రారంభమైంది. సొమ్ము నిజాంది, నిర్మాణంపైన, నిర్వహణపైన పెత్తనం భారత ప్రభుత్వానిది. మొదటి సంవత్సరాలలో రాబడి కూడా ఆశించినంతగా రాలేదు.

అయినా మార్గం అక్కడ ఆగితే ప్రయోజనం సగమే. తూర్పున బెజవాడకు పోతే కోస్తా జిల్లాలతో సంబంధం కలుగుతుంది. ఉత్తరాన చాందాకు పోతే మధ్యపరగణాల రైళ్ళు అందుతాయి. దారిపొడుగునా బొగ్గు ఉన్నదని కూడా అప్పటికే తెలిసింది. అంత ధనం లండను విపణిలోనే దొరకాలి. భారత ప్రభుత్వం అనుమతి లేకుండా ఒక సంస్థానం అక్కడ అప్పు చేయడానికి వీలులేదు. దివాను సాలార్‌జంగు ఈ పథకాన్ని నడుపుతూ ఉండగానే, 1883 ఫిబ్రవరి 8న మరణించాడు. నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్‌కు అప్పటికి ఇంకా రాజ్యాధికారం చేతికి రాలేదు. ఇట్టి సంధికాలంలో ఇంత పెద్ద బేరం తలుపుల వెనుక సాగుతున్నది.

అప్పుడు నగరం నోరు తెరచింది. చదువుకొన్నవారు కొందరు ఒక సంఘంగా కూడారు. వారిలో ముఖ్యుడు అఘోరనాథ ఛటోపాధ్యాయ. ఎడింబరోలో డాక్టరు పట్టం పొందిన శాస్త్రవేత్త, తరువాత నిజాం కాలేజీగా మారిన హైదరాబాదు కాలేజీకి అధిపతి. సరోజినీదేవికి తండ్రి అంటే మన శ్రోతలందరు వెంటనే గుర్తిస్తారు. ముల్లా అబ్దుల్ ఖయ్యూం కూడా ఈ ఉద్యమంలో ఉన్నాడు. వీరు రైలు వద్దనలేదు. ఈ మాట గట్టిగా చెప్పవలసి ఉన్నది. ఏమంటే, దీనిని రైలు వ్యతిరేకోద్యమమని పొరబడడానికి అవకాశమున్నది. వీరు కోరినదల్లా ఒక్కటే: ఎంత అప్పు, ఏ వడ్డీకి, ఎవరి పూచీమీద, ఏ షరతులతో అన్నది ముందు ప్రజలకు తెలియజేయండి, ఆ తరువాత సంతకాలు చేయండి. సంస్థాన ప్రజలు రాజ్యపు లెక్కను బాహాటంగా అడిగిన తొలి సందర్భాలలో ఇది ఒకటి.

ప్రభుత్వం సమాధానం చెప్పలేదు. 1883 మే నెలలో అఘోరనాథుని ఉద్యోగంనుంచి తప్పించి, సంస్థానంనుంచి వెళ్ళగొట్టింది. సరోజినికి అప్పటికి నాలుగేళ్ళు. కొన్నేళ్ళ తరువాత ఆయనను మళ్ళీ రానిచ్చారు, ఉద్యోగమూ ఇచ్చారు. కాని ఆయన అడిగిన ప్రశ్నలకు మాత్రం ఎవరూ బదులు చెప్పలేదు.

ఒప్పందం 1883 డిసెంబరు 27న జరిగింది. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ ఏర్పడింది. పేరులోని ‘గ్యారంటీడ్’ అన్న మాటలోనే కథ అంతా ఉన్నది. 45 లక్షల పౌండ్ల మూలధనంమీద, 20 ఏళ్ళపాటు, నూటికి 5 చొప్పున వడ్డీకి నిజాం ప్రభుత్వం పూచీపడింది. మూలధనమంతా సమకూడితే ఏడాదికి 2,25,000 పౌండ్లు. బండ్లు నిండుగా నడిచినా సరే, ఖాళీగా నడిచినా సరే, లండనులోని వాటాదారునికి తన అయిదు తనకు ముట్టుతుంది. రాబడి చాలకపోతే మిగిలింది ఖజానా భరించాలి. ఖజానా అంటే ప్రధానంగా రైతు కట్టే శిస్తే గదా! దీనికి తోడు మరొక చిక్కు. చెల్లింపు పౌండ్లలో, శిస్తు వెండి రూపాయిలలో. 1870ల తొలినాళ్ళలో బ్రిటిషిండియా రూపాయికి దాదాపు రెండు షిల్లింగులు వచ్చేవి. 1894 నాటికి ఒక షిల్లింగు ఒక పెన్నీకి దిగింది. అప్పు పెరగకుండానే భారం పెరిగింది. ఇలాంటి సంగతులను ముందుగా బహిరంగంగా చర్చించి ఉంటే షరతులు మారేవో, మారకపోయేవో! కాని చర్చించమన్నవాడు అప్పటికి ఊరిలో లేడు.

మార్గం వృథా అయిందని మేము అనబోము. రైలు 1886లో వరంగల్లు చేరింది, 1888 నాటికి ఇల్లెందు బొగ్గును అందుకొన్నది, 1889 ఫిబ్రవరిలో బెజవాడ చేరింది. తెలుగుదేశపు రెండు భాగాలనూ కలిపిన పట్టాలు అవే. విచిత్రమేమంటే, ఏ చాందా పేరిట ఇంత గొడవ జరిగిందో ఆ వైపు దారి మాత్రం అప్పుడు పడలేదు. కాజీపేటనుంచి బల్లార్షా దాకా పట్టాలు 1920ల చివరకు గాని పూర్తికాలేదు. లండనులో రైల్వే బేరం నడిపిన సర్దార్ అబ్దుల్ హక్ తరువాత గనుల కంపెనీ వాటాల వ్యవహారంలో చిక్కుకొన్నాడు. దానిపై 1888లో బ్రిటిష్ పార్లమెంటు కామన్స్ సభ ఒక విచారణ సంఘాన్ని నియమించింది. అయిదేళ్ళ ముందు హైదరాబాదువాసులు అడిగితే దేశద్రోహమైన ప్రశ్నలు, లండనులో పెట్టుబడిదారుల కోసం అడిగేసరికి న్యాయవిచారణ అయినాయి.

1930లో నిజాం ప్రభుత్వం రైల్వేను కంపెనీనుంచి కొనివేసింది. 1932 జూనులో ఆ రైల్వేశాఖే 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా ప్రారంభించింది. మన బస్సు రైలుకు బిడ్డ అన్నమాట. ఆ తరువాతి మార్పులు శ్రోతలకు తెలిసినవే. 1960లో సికింద్రాబాదు పురపాలకం హైదరాబాదు నగరపాలక సంస్థలో కలిసింది. బన్సీలాల్‌పేట ఇంటిపన్నులు కూడా అప్పటినుంచి ఆ ఖజానాకే చేరినాయి.

ఈ నగరం తన పేరిటనే ఋణపత్రాలు జారీచేసే రోజు కూడా వచ్చింది. 2003లో హైదరాబాదు నగరపాలక సంస్థ, రోడ్ల నిర్మాణానికి, విస్తరణకు 82.50 కోట్ల రూపాయల బాండ్లు విక్రయించింది. వాటి వడ్డీపై కేంద్రం ఆదాయపు పన్ను మినహాయించింది. 2007లో ఏర్పడిన గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థ 2018 ఫిబ్రవరిలో 200 కోట్లు 8.90 శాతం వడ్డీకి, ఆగస్టులో 195 కోట్లు 9.38 శాతానికి, 2019 ఆగస్టులో 100 కోట్లు 10.23 శాతానికి అప్పు తెచ్చింది. మొత్తం 495 కోట్లు. విడత విడతకూ వడ్డీ ఎక్కుతూ వచ్చిన సంగతి గమనించదగినది. ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లతో కూడిన రోడ్ల పథకానికి ఈ సొమ్ము ఉద్దేశించారు. నగరాలు ఇట్లా సొంత పరపతిమీద అప్పు తెస్తే కేంద్రం 100 కోట్లకు 13 కోట్ల చొప్పున ప్రోత్సాహకం ఇచ్చే ఏర్పాటు ఉండేది. ఆ లెక్కన మన నగరానికి 26 కోట్లు వచ్చాయి. నాడు అనుమతి ఇవ్వడమే కేంద్రం పని. ఇప్పుడు వెన్నుతట్టి బహుమతి ఇచ్చింది.

మరి ప్రజలో? అమెరికా నగరాలలో అనేకచోట్ల ఇటువంటి ఋణాన్ని ఎన్నికలనాడు పౌరుల ఓటుకు పెడతారు. వద్దంటే ఆ అప్పు పుట్టదు. ఇక్కడ ఆ ఆచారం లేదు. అయితే 1883 నాటి సంఘంవారు అడిగిన ప్రశ్నలన్నిటికీ ఇప్పుడు అచ్చులో జవాబులు ఉన్నాయి. నగరం ఆదాయమెంత, పన్ను వసూలెంత, పాత అప్పులెన్ని, ఏ ఖాతానుంచి తీరుస్తారు అన్నవన్నీ మదుపుదారులకు తెలియజేయాలని నిబంధన. పరపతిని తూచే సంస్థలు వాటిని చూచే నగరానికి ‘ఏఏ’ శ్రేణి ఇచ్చాయి. ఒక ఆచార్యుని ఊరు దాటించిన ప్రశ్నలు చట్టపు విధి అయినాయి. మాకు సంతోషమే. కాని ఆ జవాబులు బాండ్లు కొనే పెద్ద సంస్థలకోసం ఆంగ్లంలో వ్రాసినవి. పన్ను కట్టే గృహస్థు చేతికి అవి రావు.

బన్సీలాల్‌పేట పక్కనే ఉన్న గాంధీ ఆసుపత్రి స్టేషనులో 2020 ఫిబ్రవరి 7నుంచి మెట్రో రైలు ఆగుతున్నది. దాని పెట్టుబడి లెక్క వేరు. ఫ్లైఓవర్లు మాధాపురం, ఎల్.బి. నగర్ వంటి దూరపు కూడళ్ళలో లేచాయి. అప్పు మాత్రం ఊరంతటి పేరిట ఉన్నది. పదేళ్ళ గడువు గల ఆ పత్రాలలో మొదటి విడత 2028 ఫిబ్రవరిలో తీరవలసి ఉన్నది.