1.84 వెనక కథ

పొన్నూరు నుంచి ఇంట్లోవాళ్ళు ఫోన్ చేశారనుకోండి. మాట మోసే సెల్ టవర్ రేడియోల్లో చాలావాటిలో సర్క్యులేటర్ అని ఓ చిన్న భాగం ఉంటుంది. మూడు దారుల కూడలి అన్నమాట. ఒకటో దారిలో వచ్చింది రెండోదాంట్లోంచి యాంటెన్నాకి పోతుంది. యాంటెన్నా తిప్పికొట్టిన పవర్ మూడోదాంట్లోకి పోయి రెసిస్టర్‌లో వేడైపోతుంది. ఆంప్లిఫయర్ బతికిపోతుంది.

కూడలి మధ్యలో ఉండేది ఫెర్రైట్ బిళ్ళ, దానికో అయస్కాంతం. మొదట్లో డిజైనంటే చాలావరకు బిళ్ళ మార్చడం, అయస్కాంతం సర్దడం, కొలవడం, మళ్ళీ మొదలు. మన భాషలో ప్రింట్ స్టేట్‌మెంట్లతో డీబగ్గింగ్.

1964లో ఫిలిప్స్ పరిశోధకుడు బోస్మా బిళ్ళలోని ఫీల్డ్‌ని లెక్కగట్టాడు. 1965లో ఫే, కామ్‌స్టాక్ దాన్ని కళ్ళకి కట్టించారు. బిళ్ళలో ఎదురెదురుగా తిరిగే రెండు మోడ్‌లుంటాయి. అయస్కాంతం వాటి ఫ్రీక్వెన్సీలను విడదీస్తుంది. రెండూ కలిసిన నమూనా 30 డిగ్రీలు తిరిగితే మూడో దారి దగ్గర సున్నా పడుతుంది. అంతే కిటుకు! బిళ్ళ సైజుకి తొలి అంచనా: వ్యాసార్థాన్ని ఫెర్రైట్‌లోని వేవ్ నంబర్‌తో గుణిస్తే 1.84 రావాలి. 1974లో వూ, రోజెన్‌బామ్ లైన్లు వెడల్పు చేస్తే బ్యాండ్‌విడ్త్ ఎంతో పెరుగుతుందని చూపించారు.

ఇవాళ సిమ్యులేటర్లున్నాయి కదా, ఈ పాత పేపర్లెందుకంటారా? ఏ సైజు దగ్గర మొదలెట్టాలో తెలియకుండా ఆప్టిమైజర్‌ని రాత్రంతా తిప్పినా, వచ్చిన జవాబు ఎందుకు పనిచేస్తోందో చెప్పలేం. ఫ్రీక్వెన్సీ మారిన రోజున మళ్ళీ మొదటికే. 1.84 తెలిసినవాడు కాగితం మీదే సగం పని అవగొట్టేస్తాడు.