పేలని పిస్తోలు

నేను పిస్తోలును గూర్చి ప్రసంగింప బూనుకొన్నానని విని మీలో కొందఱు వెఱగుపడవచ్చును. నేను సైనికుడను గాను, వేటకాడను గాను. పిట్టనైన కొట్టి యెఱుగను. అయినను ఒక వానకాలమున మా యింటి వెనుకటి వసారాలో రెండు మాసములు కూర్చుండి, పాతకాలపు చెకుముకి పిస్తోలు నొకదానిని స్వహస్తములతో చేసితిని. అది పేలదు, పేలుటకు వీలులేనట్లుగనే చేసితిని. దాని గొట్టము తొలుచని కఱ్ఱ. అందు మందు పోయుటకు దారి లేదు, నిప్పు సోకుటకు చెవి లేదు. పేలని పిస్తోలు చేయుట యెందులకని మీరడుగవచ్చును. చరిత్రలోని యొక చిన్న విషయము నాకు పుస్తకముల వలన బోధపడకపోవుటయే కారణము.

ఆ విషయము 1780వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీ నాటిది. ఆనాటి వేకువను కలకత్తా చెంతనున్న ఆలీపూరులో గవర్నరు జనరలు వారన్ హేస్టింగ్సును, ఆయన ఆలోచనసభలోని సభ్యుడగు ఫిలిప్ ఫ్రాన్సిసును పిస్తోళ్ళు చేతబట్టి యెదురెదురుగ నిలిచిరి. 1774లో ఫ్రాన్సిసు ఈ దేశమునకు వచ్చినది మొదలు వారిరువురకును పొత్తు కుదురలేదు. ఒకరు అవుననిన దానిని రెండవవారు కాదనుచుండిరి. మహారాష్ట్రులతోడి యుద్ధవిషయమున ఫ్రాన్సిసు మాట తప్పెనని హేస్టింగ్సు తలచి, ఆయన యందు సత్యమును గౌరవమును లేవని సభాపత్రములలోనే వ్రాసెను. అంతట ఫ్రాన్సిసు ద్వంద్వయుద్ధమునకు పిలిచెను. ఒక రాజ్యభారమును మోయవలసిన యిరువురు పెద్దమనుష్యులు, ఒకరికి నలువదియేడేండ్లు, వేఱొకరికి ముప్పదితొమ్మిదేండ్లు, తమ వివాదమును సీసపు గుండుతో తీర్చుకొనబోయిరి. విశేషమేమన, ఇట్టి కార్యమున ఇరువురకును అలవాటు లేదు.

హేస్టింగ్సు పక్షమున సాక్షిగ వచ్చిన కర్నలు పియర్సు ఆనాటి వృత్తాంతమును వ్రాసియుంచెను. వారి నడుమ 14 అంగల దూరము కొలిచిరి. ఇరువురును పిస్తోళ్ళెత్తిరి. ఫ్రాన్సిసు మీట నొక్కెను, పిస్తోలు పేలలేదు. మందు చెమ్మగిల్లియుండెను. హేస్టింగ్సు తన పిస్తోలును దించి, ప్రతిపక్షి దానిని సరిచేసికొనువఱకు నిలిచెను. ఫ్రాన్సిసు పక్షమువారి యొద్ద వేఱు మందు లేకపోగా పియర్సే తన తూటాలోని మందు నిచ్చెను. మరల ఇరువురును గుఱిచూచిరి. ఫ్రాన్సిసు గుండు తగులలేదు. ఒకటి, రెండు, మూడు అని యెంచునంత సేపటికి హేస్టింగ్సు కాల్చెను. ఫ్రాన్సిసు కుడిప్రక్కను గాయపడి కూలెను.

ఇది చదివినపుడు నాకు కలిగిన సందేహమిది. మందు తడిసినచో గొట్టములోని మందునంతయు తీసివైచి మరల దట్టింపవలదా? చిటికెడు మందు మార్చినంతమాత్రమున పిస్తోలెట్లు పేలెను? పటములు చూచితిని, గ్రంథములు తిరుగవేసితిని, తృప్తి కలుగలేదు. కన్ను చెప్పలేనిది చేయి చెప్పునేమో యని కఱ్ఱను ఉలిని చేపట్టితిని.

గొట్టమునకు పొణికికఱ్ఱను ఎంచుకొంటిని. కొండపల్లి బొమ్మలు చేయు కఱ్ఱయే అది. తేలిక, మెత్తన, ఉలికి చక్కగ లొంగును. పిడికి టేకు. పిస్తోలు మొత్తము పొడవు 15 అంగుళములు, అందు గొట్టము 10 అంగుళములు. మొదటి పిడిని పటములోని వంపు ననుసరించి పలకనుండి కోసి, ఆకురాయి పట్టి, నునుపుచేసి మురిసిపోవుచుండగా మణికట్టువలె సన్నపడిన చోట పుటుక్కున విఱిగెను. మాకు తలుపులు చేసిన వృద్ధవడ్రంగి దానిని చూచి నవ్వి, "బాబుగారూ, కఱ్ఱ నార యెటు పోతుందో చూసి కోయాలి గాని, బొమ్మ యెటు వంగితే అటు కోస్తే నిలుస్తుందా?" అనెను. నార వంపుతోపాటు వంగియున్న కొమ్మముక్క నొకదానిని ఆయనయే వెదకి యిచ్చెను. దానితో చేసిన పిడి నేటికిని చెక్కుచెదరలేదు.

పిడికంటెను కష్టమైనది ప్రక్కనుండు యంత్రము. దాని ముందుతరములను గూర్చి ఒక్కమాట చెప్పవలెను. తొలుత తుపాకులకు నిప్పు అంటించునది జామగి త్రాడు. అది సదా రగులుచుండవలెను. వాన పడిన ఆఱిపోవును, చీకటిలో శత్రువునకు కనబడును. మన దేశపు సేనలలో 18వ శతాబ్దమునందు గూడ జామగి తుపాకులు విరివిగ నుండెను. 16వ శతాబ్దారంభమున ఐరోపాలో గడియారమువలె చావి త్రిప్పిన తిరుగు చక్రముతో నిప్పు పుట్టించు యంత్రము వచ్చెను గాని, అది వెల హెచ్చైనది. పిమ్మట 17వ శతాబ్దపు మొదటి సంవత్సరములలో ఫ్రాన్సున చెకుముకి యంత్రము పూర్ణరూపమును దాల్చెను. లిసియో పట్టణపు శిల్పి మారిన్ ల బూర్జువా పేరు ఈ సందర్భమున చెప్పుదురు. తరువాత రెండువందల యేండ్లు లోకమునందలి యుద్ధములలో పెక్కింటిని ఈ యంత్రమే నడపెను.

దాని పని యిట్టిది. గుఱ్ఱమను కొక్కెపు నోట చెకుముకిరాయి బిగింపబడియుండును. గుఱ్ఱమును సగము లాగిన ఒక గంటులో నిలుచును. అప్పుడు మీట నొక్కినను కదలరాదు. పూర్తిగ లాగి మీట నొక్కినచో కమాను బలమున ముందునకు దూకి, ఎదుట నిలువుగనున్న ఉక్కురేకును రాచును. ఆ రేకునుండి లేచిన సన్నని ఉక్కురజనే మండి రవ్వలగును. ఆ రేకు అడుగుభాగమే క్రిందనున్న చిన్న దొన్నెకు మూతయు నగుట యిందలి చమత్కారము. రాయి తాకగనే రేకు వెనుకకు వ్రాలును, మూత తెఱచుకొనును, రవ్వలు దొన్నెలో పడును. దొన్నెలో చిటికెడు రంజకము, అనగా మెత్తని మందు, ఉండును. అది భగ్గుమని, ఆ జ్వాల చెవిద్వారా గొట్టములోని మందునకు సోకును. అప్పుడు గాని పిస్తోలు పేలదు.

నేను కమానుకు పాత గడియారపు ముక్కను, ఉక్కురేకునకు బదులు తగరపు రేకును వాడితిని. నాలుగుమారులు గుఱ్ఱపు స్థానము తప్పినది. రాయి రేకు నంటక గాలిలో దూకెడిది. ఐదవమారు టక్కుమని రేకు వ్రాలి, దొన్నె తెఱచుకొనినప్పుడు నా సందేహము సగము తీఱెను. మందు రెండుచోట్ల నున్నది. లోపలిది బిరడావంటి గుండు క్రింద భద్రముగ నుండును. బయటిది పలుచని మూత చాటున నుండును. చెడిన రంజకమును తుడిచి క్రొత్త చిటికెడు పోసిన చాలును!

తక్కిన సగమును వాన తీర్చెను. ఒకనాటి రాత్రి దొన్నెలో మందునకు మాఱుగ చిటికెడు పొడియుప్పు పోసి మూతవేసితిని. రాత్రియంతయు ముసురు. తెల్లవాఱి చూడగా ఉప్పు ముద్దయై దొన్నె కంటుకొనియుండెను. తుపాకిమందులో నూటికి 75 పాళ్ళు సురేకారము, తక్కినది బొగ్గును గంధకమును. సురేకారమును చక్కగ శుద్ధిచేయనిచో అందలి యుప్పు గాలిలోని చెమ్మను పీల్చును, బొగ్గును పీల్చును. ఆగస్టు మాసపు వంగదేశపు వేకువ యెంత చెమ్మగ నుండునో వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఆ చిటికెడు మందు చెమ్మగిల్లినది ఫ్రాన్సిసు పిస్తోలులో. హేస్టింగ్సు దానికై నిలిచెను. ఆయన సాక్షియే పొడిమందు నిచ్చెను. తనమీద పేలబోవు పిస్తోలునకు తనవారే మందు నిచ్చుట చూచి, ఆనాటి మర్యాదను మెచ్చుకొనవలెనో, ఆ మర్యాద యెంతటి అవివేకమునకు కాపుగాచుచుండెనో యని చింతింపవలెనో నాకు తెలియకున్నది. ఫ్రాన్సిసు బ్రతికెను. హేస్టింగ్సు వచ్చి చూచెదననగా, సభలో తప్ప కలిసికొననని కబురుచేసెను. 1780 డిసెంబరులో ఇంగ్లాండునకు ఓడయెక్కెను. పిమ్మట ఎడ్మండ్ బర్కునకు తోడుపడి, హేస్టింగ్సుపై నేరవిచారణ జరుగుటకు ముఖ్యకారకులలో నొకడయ్యెను. ఆ విచారణ 1788లో మొదలై, 1795లో హేస్టింగ్సు నిర్దోషియని తేలువఱకు ఏడేండ్లు సాగెను. ఆలీపూరులో గుండు తీర్చలేని వివాదమును మాటలు ఏడేండ్లు మోసినవి. కాని ఆ మాటలవలన కంపెనీ పాలనలోని అక్రమములు లోకమునకు వెల్లడియయ్యెను. పిస్తోలు చేయలేని మేలు అది.

చెకుముకి యంత్రమునకును కాలము తీఱినది. స్కాట్లండునందలి మతాచార్యుడు అలెగ్జాండర్ ఫోర్సైతు, రంజకపు మంటను చూచి పక్షులు గుండుకంటె ముందే యెగిరిపోవుచున్నవని విసిగి, దెబ్బకు పేలు రసాయనమును ఉపయోగించు నుపాయమును కనిపెట్టి 1807లో హక్కుపత్రమును పొందెను. పిదప కొన్ని దశాబ్దములలో చెకుముకిరాయి సేనలనుండి నిష్క్రమించెను.

నా పిస్తోలిప్పుడు పుస్తకముల బీరువాపై నున్నది. ఇంటికి వచ్చిన పిల్లలు దానిని చేతబట్టి, మీట నొక్కి, "ఇది పేలదేమి?" యని యడుగుదురు. పేలకుండుటయే దాని మంచితనమని చెప్పి, దొన్నె మూత తెఱచి, 1780 నాటి కథ నారంభింతును.