బెల్లింగ్‌హామ్ స్టేషన్ పక్కన ఫెలోషిప్ ఇన్

ఆగ్నేయ లండన్‌లో బెల్లింగ్‌హామ్ స్టేషన్ దిగి రాండిల్స్‌డౌన్ రోడ్డు మీదికి రాగానే కనిపించే పెద్ద భవనం ఫెలోషిప్ ఇన్. గోడల మీద చెక్క దూలాలు, ఏటవాలు కప్పు చూస్తే ట్యూడర్ రాజుల కాలం నాటిదేమో అనిపిస్తుంది. నిజానికి దాన్ని కట్టింది 1923-24లో.

జూబ్లీహిల్స్ పబ్బుల చీకటీ డీజే హోరూ తెలిసిన తెలుగువాళ్లకు ఇంగ్లండ్ శివారు పబ్‌లో ఆదివారం మధ్యాహ్నం కొత్తగా ఉంటుంది. అమ్మమ్మలూ తాతయ్యలూ మనవలతో వస్తారు. బల్లల మధ్య చంటిపిల్లల తోపుడుబళ్లు. పళ్లెంలో రోస్ట్ చేసిన మాంసం, బంగాళాదుంపలు, యార్క్‌షైర్ పుడ్డింగ్, వాటి మీద వేడివేడి గ్రేవీ. పెద్దలకు ఏల్ బీరు, పిల్లలకు లెమనేడ్.

ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. 14 ఏళ్లలోపు పిల్లలు బారు గదిలో అడుగుపెట్టకూడదని 1908 నాటి చట్టం నిషేధించింది. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చాక, ఆయుధ కార్మికుల తాగుడు ఉత్పత్తిని దెబ్బతీస్తోందని ప్రభుత్వానికి బెంగ పట్టుకుంది. పబ్‌ల వేళలు కుదించింది. 1916లో కార్లైల్ ప్రాంతంలో బ్రూవరీలనూ పబ్‌లనూ తానే తీసుకుని, కూర్చోవడానికి చోటు, తినడానికి భోజనం, గదుల్లో వెలుతురు ఉంటే తాగుడు తగ్గుతుందా అని చూసింది. ఆ ఆలోచనే తర్వాత ప్రైవేటు బ్రూవరీలకూ పాకింది.

యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు మంచి ఇళ్లు ఇస్తామన్న హామీ మీద 1919లో గృహనిర్మాణ చట్టం వచ్చింది. దాని కింద లండన్ కౌంటీ కౌన్సిల్ బెల్లింగ్‌హామ్ పొలాల్లో సుమారు 2,000 ఇళ్లు కట్టింది. నగరంలోని ఇరుకు ఇళ్లు వదిలి వచ్చిన కుటుంబాలకు తోట ఉంది, గాలి ఉంది. నలుగురూ కలిసే చోటు లేదు. ఆ లోటు తీర్చింది సౌత్‌వార్క్‌లోని బార్క్లే పెర్కిన్స్ బ్రూవరీ. కౌన్సిల్ కాలనీల్లో వెలసిన తొలి పబ్‌లలో ఫెలోషిప్ ఒకటి. బ్రూవరీ వాస్తుశిల్పి ఎఫ్. జి. న్యూనమ్ దీనికి తాగే గదులతో పాటు పెద్ద హాలు కూడా ఇచ్చాడు. పబ్‌ను పదికాలాలు నిలిపింది బీరు కంటే ఆ హాలే.

పొరుగునే ఉన్న డౌన్‌హామ్‌లో తాగుడు విషయంలో జాగ్రత్త మరీ ముదిరింది. 1930లో అక్కడ తెరిచిన డౌన్‌హామ్ టావెర్న్‌లో మొదట కౌంటరే లేదు. వెయిటర్లు బల్ల దగ్గరికి తెచ్చి ఇవ్వాల్సిందే. ఆ పెద్ద భవనం ఇప్పుడు లేదు.

ఫెలోషిప్‌కు దక్కిన గొప్ప రోజులు 1963లోవి. బెల్లింగ్‌హామ్‌లోనే పెరిగిన బాక్సర్ హెన్రీ కూపర్, కాషియస్ క్లేతో పోరుకు ఇక్కడే ఉండి సాధన చేశాడు. జూన్ 18న వెంబ్లీలో నాలుగో రౌండ్ చివర అతని ఎడమచేతి దెబ్బకు క్లే నేలకూలాడు. గంట మోగి బయటపడ్డాడు. అయిదో రౌండ్‌లో కంటి గాయంతో నెత్తురు కారుతున్న కూపర్ ఓడిపోయాడు. ఆ క్లేయే మహమ్మద్ అలీ. అదే దశకంలో ఫ్లీట్‌వుడ్ మాక్ బృందం ఇక్కడ వాయించింది.

తర్వాత భవనం శిథిలమవుతూ వచ్చింది. గదులు ఒక్కొక్కటే మూతపడి, చివరికి కొద్ది భాగమే వాడుకలో మిగిలింది. కూల్చి ఫ్లాట్లు కట్టేయకుండా దీన్ని నిలబెట్టినవారికి ఈ ఊరు రుణపడి ఉంది. అద్దెదారులే సభ్యులుగా నడిచే ఫీనిక్స్ కమ్యూనిటీ హౌసింగ్, లాటరీ వారసత్వ నిధి సాయంతో బాగుచేయించింది. 2019లో పబ్, వంటగది, సినిమా హాలుతో తలుపులు తెరుచుకున్నాయి.

నేటి చట్టం ప్రకారం పెద్దల వెంట పిల్లలు పబ్‌లోకి రావచ్చు. 16, 17 ఏళ్లవారు పెద్దవాళ్లతో బల్ల దగ్గర భోజనం చేస్తూ, పెద్దవాళ్లు కొనిస్తే ఒక గ్లాసు బీరో వైనో తాగవచ్చు కూడా. వందేళ్ల కిందటి సంస్కర్తలు పెట్టమన్న భోజనం ఇప్పటికీ ఆ షరతులో ఉంది.